పాడకూడని కాన్సర్ట్

కరోనా రెండో ఏడాది హాంబర్గ్‌లో నేను వెళ్లిన రాక్ కాన్సర్ట్ ఒక్కటే. పార్కులో దూరం దూరంగా కుర్చీలు వేసి, లేవొద్దు, పాడొద్దు అన్నారు. మరి రమ్మనడం దేనికో!

మధ్యలో ఒకమ్మాయి వరుసల వెంట పెట్టె పట్టుకొచ్చింది. గుంటూరు చర్చిలో పెరిగిన చెయ్యి కదా, ఆలోచించకుండా కానుక వేసేసింది.

"ఇది ఎవరికైనా కరోనా వస్తే కబురు చెయ్యడానికి, మీ ఫోన్ నంబర్ల చీటీలకండీ," అని ఆమె జర్మన్‌లో చెప్పి నోటు తిరిగిచ్చింది. నాకు సిగ్గు కూడా వేయలేదు.

"ఎట్టా జరిగింది?" ఇంటికి రాగానే అడిగింది నా భార్య.

"ఈ కరోనాలో మన చర్చి ఆరాధన లాగే. పాడనివ్వలేదు."

అదే బ్యాండ్ పాత లైవ్ రికార్డు పెట్టాను. ఇదే ఊళ్లో అది రికార్డు చేసిన రోజు, గుంపులో నేనూ గొంతు చించుకున్నాను. ఇప్పుడు ఆ గుంపు పాడుతోంది. ఇంట్లో పాడొద్దన్నవాళ్లు లేరు. అయినా నోరు పెగల్లేదు.