మూడు పేర్ల కిటికీ

కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, మేముండే పరాయి రాష్ట్రపు ఊళ్ళో పూరీ గేట్ దగ్గర ఒక కళ్ళాసుపత్రిలో చీటీలిచ్చే గుమాస్తా ఉండేవాడు. మన తెలుగువాడే. అతని మీద నా కోపం ఇవాళ్టికీ చల్లారలేదు. చీటీల్లోని మాటలూ, బోర్డుల మీది మాటలూ అన్నీ అతను రాసినవే. ఎవరేమడిగినా పెన్సిల్‌తో గోడ చూపించి, "రాసుంది కదా, సదువుకో" అనేవాడు. వచ్చేవాళ్ళందరికీ చూపు మసకే!

మా అత్తకు శుక్లాల ఆపరేషను. పెద్ద డాక్టరు నెలకొక్కసారే వచ్చేవాడు. చీటీలోని ఇంగ్లీషు మాటను అక్షరం అక్షరం పోల్చి చూశాను. అది ఏ కిటికీ మీదా లేదు. ఏదో ఒక కిటికీ ముందు కూర్చున్నాం. ఈలోగా వేరే కిటికీ దగ్గర పేర్లు పిలవడం అయిపోయింది.

"బాబూ, ఈ సీటీలో మాట ఎక్కడా నేదు. ఏటి సెయ్యాలి?" అన్నాను.

"సీటీలో రిజిస్ట్రేషన్, బోర్డు మీద ఎంట్రీ, కిటికీ మీద ఎంక్వైరీ. మూడూ ఒకటే. ఆ మాత్రం తెల్దేటి? వచ్చేనెల రా."

"సదవగలిగితే నీకాడికెందుకొస్తాను నాయినా?" అంది అత్త. అతను నవ్వాడు.

నా ఒళ్ళు మండింది. నుదుటి స్టిక్కరు బొట్టు తీసి ఆ ఎంక్వైరీ కిటికీ చట్రానికి గుర్తుగా అంటించాను. అతను గోటితో గీకేశాడు. నేను మా పేట ఝపటాపూర్‌లో ఇంటింటికీ తిరిగి ఆ గుర్తు చెప్పి, వెళ్ళినవాళ్ళల్లా అక్కడో బొట్టు అంటించమని వచ్చాను.

మరుసటి నెల వెళ్ళేసరికి చట్రం నిండా మఖ్మల్ బొట్లే. అత్త వాటిని చేత్తో తడుముకుంటూ కిటికీ చేరి, అందరికంటే ముందు తన చీటీ లోపల పెట్టింది.