నెహెమ్యా గేటు వాదన

నెహెమ్యాకి ఒక్కటే జబ్బు. ఏసుక్రీస్తు చనిపోయి లేవడం గురించి ఎవరైనా వెటకారమాడితే జవాబు చెప్పందే వదిలిపెట్టడు. నడికుడి దగ్గర రైలు గేటుకి ఆయనే కాపలాదారు కావడంతో ఆ జబ్బు బాధ ఊరందరికీ తప్పేది కాదు. రైలు వెళ్ళిపోయినా సరే, వాదన తేలేదాకా గేటు తెరుచుకునేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. ఆ దారిన పొలానికి వెళ్ళే జానకిరామయ్యకి ఏ దేవుడి మీదా నమ్మకం లేదు. నెహెమ్యాని కెలక్కపోతే మాత్రం పొద్దు గడవదు.

"ఏందయ్యా నెహెమ్యా! చచ్చినోడు మూడోనాడు లేచాడా? మా మునసబు బతికుండీ లేవట్లేదు, బారెడు పొద్దెక్కినా!"

"నవ్వండయ్యా. శిష్యులే శవాన్ని ఎత్తుకుపోయారంటారు, అంతేగా? ఎత్తుకుపోయినోళ్ళు ఆ అబద్ధం కోసం తన్నులు తిని ప్రాణాలిస్తారా?"

"సరే, లేచినోణ్ణి ముందు చూసిందెవరు? ఆడోళ్ళు! ఆ కాలంలో ఆడోళ్ళ సాక్ష్యం చెల్లదని మొన్న నువ్వే చెప్పావు."

"కట్టుకథ అల్లేవాడు చెల్లని సాక్షుల్ని తెచ్చుకుంటాడా అయ్యా?"

జానకిరామయ్య తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకోసాగాడు. వెనక పదకొండు బళ్ళు ఆగి ఉన్నాయి.

"ఒప్పేసుకోండి బాబూ! మిరపకాయలు ఎండిపోతన్నయ్!" అని అరిచాడో బండివాడు.

"ఎండుమిరపకాయలేగా, ఎండనీ!" అన్నాడు నెహెమ్యా.

ఆ వేసవిలో జానకిరామయ్య భార్య సుబ్బరత్నమ్మ జ్వరంతో పోయింది. ఆయన అరుగు మీది మంచం దిగలేదు, ముద్ద ముట్టలేదు. నెహెమ్యా వస్తున్నాడని తెలిసి గతుక్కుమన్నాడు. తన నోరు మూయించడానికి ఇంతకంటే అదను ఏముంటుంది!

నెహెమ్యా మాత్రం నోరు విప్పలేదు. గొడ్లకి మేతేశాడు, కొట్టం ఊడ్చాడు, వెలివాడ మనిషి గనక అరుగెక్కకుండా కిందే కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు జానకిరామయ్యకి ఒళ్ళు మండింది.

"ఏంది నీ మూగనోము? చెప్పు, మా రత్నం లేచిద్దంటావా? బూడిదైన మనిషి ఎట్టా లేచిద్ది?"

గొంతుదాకా వచ్చిన జవాబుని మింగడానికి నెహెమ్యా నానా యాతన పడ్డాడు.

"ఇయ్యాల చెప్పనయ్యా. ఖాళీ కడుపుతో ఉన్న మనిషిని ఓడిస్తే అదొక గెలుపా? ముందు అన్నం తినండి."

"నన్ను ఓడిస్తావా? నువ్వా?" జానకిరామయ్య దిగ్గున లేచి కూర్చున్నాడు. "అక్కా! అన్నం పెట్టు!"

అక్క రామాయమ్మ కొంగు తొక్కుకుంటూ పరిగెత్తుకొచ్చింది. పప్పన్నం, మజ్జిగ, అన్నీ అయిపోయాయి. చెయ్యి కడుక్కుని వచ్చిన జానకిరామయ్యకి ఎండలో నిలబడ్డ నెహెమ్యా కనిపించాడు. ఇన్నేళ్ళుగా ఆ మనిషి నిలబడేది అక్కడే. ఇవాళెందుకో అది కంట్లో నలుసులా గుచ్చుకుంది.

"ఆడ నిలబడి చెబితే నాకేం వినపడుద్ది? అరుగెక్కి కూర్చో," అంటూ పక్కన తువ్వాలుతో దులిపాడు. "ఊఁ, ఇప్పుడు చెప్పు."