ఊదితే సున్నా

రైలింజను నడిపినన్నాళ్ళూ నేను చుక్క మందు ముట్టలేదు. డ్యూటీ ఎక్కే ముందు మమ్మల్ని ఒక యంత్రంలోకి ఊదమంటారు. తాగినవాణ్ని అది ఇట్టే పట్టేస్తుంది. ఆ యంత్రం వచ్చిన రోజు నుంచి నేను రిటైరైన రోజు దాకా నాకు సున్నా తప్ప మరో అంకె రాలేదు. ఆ గొప్పని పెళ్ళిళ్ళలో చెప్పుకున్నాను, చర్చి బయట చెప్పుకున్నాను, మా బెంగాలీ ఊళ్ళో టోటో అనే బ్యాటరీ రిక్షాలో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని వాళ్ళకీ చెప్పాను.

రిటైరైన మరుసటి ఏడు నడుం పట్టేసింది. డాక్టరు పది రోజులకి గట్టి నొప్పి మాత్రలు రాశారు. మొదటి మాత్రకే నొప్పి తగ్గింది, దాంతోపాటు ఖాళీగా కూర్చున్న దిగులూ తగ్గింది. పది రోజులు అయిపోయాయి గాని నాకు మాత్రల పని అవలేదు. ఒకటి చాలకపోతే రెండు, తర్వాత మూడు. ఒక డాక్టరుకి చెప్పకుండా ఇంకో డాక్టరు దగ్గర రాయించుకునేవాణ్ని. దాచడానికి జాగా వెతుక్కోనక్కర్లేదు. డ్యూటీకి మోసుకెళ్ళిన ఇనప లైన్‌బాక్సు మంచం కిందే ఉంది. మా ఆవిడ అందులో ఎన్నడూ చెయ్యి పెట్టి ఎరగదు.

చర్చిలో పాటకి అందరూ లేచి నిలబడితే నేనొక్కణ్నే కూర్చుని గురక పెట్టాను. తాల్‌బగీచాలో దిగాల్సినవాణ్ని టోటోలో నిద్రపోయి హిజ్లీలో తేలాను. మలబద్ధకం సంగతి రాయాలంటే మరో పుస్తకం కావాలి.

ఒక మధ్యాహ్నం మా ఆవిడ టార్చిలైటు కోసం ఆ పెట్టె తీసింది. మాత్రల ఖాళీ అట్టలన్నీ మంచం మీద పరిచి నన్ను పిలిచింది.

"ఏటండీ ఇవి?"

"మందులే. డాక్టరే రాసినారు."

"మరి దాచినారేటి?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్నట్టు నేను నా సున్నానే పట్టుకున్నాను. "నేనేటి తాగుబోతునా? యంత్రం తెప్పించు. ఊదుతాను."

"దానికి మాత్రలు కనపడవు. ఇన్నేళ్ళూ మీరు సెప్పిందల్లా నమ్మినాను. ఇకమీద ఎలాగ నమ్మడం?" అంది మా ఆవిడ.

ఆ మాట నన్ను కోసేసింది. పౌరుషానికి పోయి ఆ పూటే మొత్తం మానేశాను. మర్నాటికి చెమటలు, వణుకు, ఆగని ఆవలింతలు, విరేచనాలు. నిజంగా భయపడ్డాను. మా ఆవిడ నన్ను ఒక బెంగాలీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడా నేను చల్లకొచ్చి ముంత దాచినట్టు ఎండల గురించి మొదలుపెడితే, మా ఆవిడ సంచిలోని అట్టలన్నీ బల్ల మీద పోసింది.

డాక్టరమ్మ తిట్టలేదు. ఇది బుద్ధి లోపం కాదు, జబ్బు అని హిందీలో చెప్పారు. ఒక్కసారిగా మానకూడదు, తను చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలన్నారు. మాత్రలు మా ఆవిడ చేతిలో ఉండాలన్నారు. నడుముకి వ్యాయామం రాశారు. "ఠీక్ హై, దాదా?" అని అన్నగారిని అడిగినట్టు నవ్వారు. స్టేషను వస్తుంటే బండి వేగం మెల్లమెల్లగా తగ్గించి ఆపడం ముప్పై ఏళ్ళు చేసినవాణ్ని, నాకిది ముందే తట్టాల్సింది.

ఇక మా ఇంట్లో రోజూ డ్యూటీ పరీక్షే. పొద్దున్నే మా ఆవిడ నన్ను వంటింటి గుమ్మంలో నిలబెట్టి, "నేనిచ్చింది కాక ఏటైనా వేసినారా?" అని అడిగేది. నేను లేదనేవాణ్ని. ఆవిడ లైన్‌బాక్సు, దిండు కింద, చొక్కా జేబులు అన్నీ చూసి, అప్పుడు టీ ఇచ్చేది. తనిఖీ అధికారులు కూడా ఇంత చూడలేదు నన్ను.

మూడో నెలలో వాన పట్టింది. పాత రెయిన్‌కోటు జేబులో ఒక మాత్ర దొరికింది. నోట్లో వేసుకున్నాను. మర్నాడు పొద్దున్న మా ఆవిడ మామూలుగానే అడిగింది. ఇల్లంతా వెతికినా ఏమీ దొరకదు. ఏ యంత్రంలో ఊదినా సున్నాయే. లేదని చెప్తే సరిపోయేది.

"ఒకటి వేసినాను," అన్నాను. "రెయిన్‌కోటు జేబులో దొరికినాది."

"డాక్టరమ్మకి సెప్పీయండి," అని మాత్రం అంది మా ఆవిడ. ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పాం.

మర్నాడు గుమ్మంలో నిలబడ్డాను. ఏమైనా వేశారా అని అడిగింది. లేదన్నాను. దారి ఇస్తూ పక్కకి జరిగాను, వెతుక్కుంటుందని.

ఆవిడ కదల్లేదు. టీ గ్లాసు నా చేతికిచ్చింది.