గాజు తొట్టిలో కొల్లేటి బురద

మొన్న ఏలూరులో పన్ను పీకించుకుందామని పళ్ళ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి నా వంతు కోసం కూర్చుంటే, ఎదురుగా గాజు తొట్టిలో చేపల మధ్య పచ్చపచ్చగా మొక్కలు ఊగుతున్నాయి. ఇంత చక్కగా ఎలా పెంచారమ్మా అని చీటీలు రాసే అమ్మాయిని అడిగితే, అవి ప్లాస్టిక్‌వండీ మామ్మగారూ, చచ్చే బెడద లేదు అంది. పన్ను నొప్పి కాస్తా మరిచిపోయి నేను పంతొమ్మిదివందల ముప్ఫైల నాటి మా బడికి వెళ్ళిపోయాను.

అప్పటికి నేను ట్రెయినింగు ముగించుకుని, మిషను వారి ఆడపిల్లల బడిలో కొత్తగా చేరిన పంతులమ్మను. నాన్న పోయాక అమ్మా నేనూ ఆ జీతం మీదే బతుకుతున్నాం. ఆ ఉద్యోగమేమో ఇంకా ఖాయం కాలేదు. ఇంగ్లండు సీమకు వెళ్ళిపోతూ ఒక దొరసాని వదిలిపెట్టిన గాజు తొట్టిని మా పెద్ద పంతులమ్మగారు నాకు అప్పగించి, ఇన్‌స్పెక్టరుగారు వచ్చేసరికి ఇందులో నీటి మొక్కలు బతికి ఉండాలనీ, నేచర్ స్టడీ పాఠం ఆ తొట్టి ముందే చెప్పాలనీ, అది చూసి ఆయన రాసేదాన్ని బట్టే నా ఉద్యోగం సంగతి తేలుతుందనీ మెల్లగా, మర్యాదగానే చెప్పారు.

మొక్కలు దొరకడం కష్టం కాలేదు. కొల్లేటి లంకల నుంచి కాలవ పడవలో వచ్చి మా వీధిలో చేపలమ్మే మామ్మ ఒకామె, అడగ్గానే వేళ్ళతో సహా పీకి తెచ్చిపెట్టింది. బతికించడమే నా వల్ల కాలేదు. మా అమ్మ పెంపకం అలాంటిది మరి: కాలవ నీళ్ళు తెస్తే ఇండుపగింజ అరగదీసి కలిపి, తేరాక వడకట్టి గానీ బిందెలో పోయనిచ్చేది కాదు. నేనూ అదే పద్ధతిన వేళ్ళకున్న మట్టి నలుసు లేకుండా కడిగి, ఇసుకను ఏడు నీళ్ళలో కడిగి, ఇండుపగింజ చాలదని పటిక కూడా తిప్పి, రోజూ నీళ్ళు మార్చేదాన్ని. నీళ్ళు అద్దంలా ఉండేవి, మొక్కలు నాలుగో రోజుకల్లా కుళ్ళిపోయేవి. మూడుసార్లు తెప్పించాను, మూడుసార్లూ అంతే. మూడోసారి మామ్మ ముందే ఏడ్చేశాను.

ఆమె తొట్టి చూస్తానని బడిలోకి వచ్చి, నేను చేసిందంతా విని, బుగ్గ నొక్కుకుంది. “హవ్వ! దాని కూడంతా కడిగి పారబోసి బతకమంటే ఎలా బతుకుద్దండీ పంతులమ్మగారూ? చుట్టాన్ని పిలిచి, ముందున్న విస్తరి లాగేసినట్టుందండీ మీ వరస!”

మరుసటిసారి వచ్చినప్పుడు చేపల గంపతో పాటు కుండెడు నల్లటి కొల్లేటి బురద కూడా మోసుకొచ్చింది. అడుగున బురద పరిచి, మొక్కలు నాటి, పైన ఇసుక పోసి, బురద లేవకుండా తామరాకు మీదుగా నీళ్ళు వంచి, ఇక అందులో వేలు పెట్టనని నా చేత ఒట్టు వేయించుకుంది. నీళ్ళు కాఫీ రంగుకు తిరిగాయి. పెద్ద పంతులమ్మగారు ముఖం చిట్లించారు. పటిక తిప్పుదామని నాకు చేతులు ఒకటే పీకుతుండేవి, అయినా ఓర్చుకున్నాను. పది రోజులకు నీళ్ళు వాటంతటవే తేరాయి, మొక్కలు కొత్త చిగుళ్ళు వేశాయి.

ఇన్‌స్పెక్టరుగారు పాఠం విని, తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, ఈ బురద ఉపాయం ఎవరు చెప్పారని అడిగారు. నేనే ప్రయత్నించి కనుక్కున్నానండీ అన్నాను. ఎందుకలా అన్నానో! చేపలమ్మే ఆమె చెప్పిందంటే ఎక్కడ చులకనవుతానో అని భయం, అంతే. ఆయన మెచ్చుకుంటూ రాసుకుంటుంటే తలెత్తి చూశాను. మొక్కలెలా ఉన్నాయో చూద్దామని వచ్చిన మామ్మ, గంపతో కిటికీ అవతలే నిలబడి ఉంది.

మర్నాడు ఇంటికి వచ్చి, “మీ ఉద్యోగం నిలబడిందంట కదండీ, సంతోషమండీ” అని, కొసరుగా ఒక మట్టగిడస చేప వేసి వెళ్ళింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఇంటికి చేపలు పోసింది. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. సిగ్గుపడి నేనూ ఎత్తలేదు.

ఇప్పుడామె లేదు. ఆమె బురద తీసిన చోటంతా చేపల చెరువుల గట్లు లేచాయంటున్నారు. ఆనాడు నేను కోరుకున్న మచ్చలేని నీళ్ళు ఇదిగో ఈ డాక్టరుగారి తొట్టిలో ఉన్నాయి, బురదతో పనిలేని మొక్కలూ ఉన్నాయి. నేను ఊరుకోలేక చీటీల అమ్మాయిని పిలిచి, మా తొట్టిలోవి నిజం మొక్కలేనమ్మా, ఒక చేపల మామ్మ బురద తెచ్చి బతికించింది, నేను కాదు అన్నాను. అలాగాండీ అని నవ్వి, ఆ పిల్ల తరవాతి పేరు పిలిచింది. ఇన్‌స్పెక్టరుగారికి చెప్పవలసిన మాట యాభై ఏళ్ళకు నోట వచ్చింది, వినవలసిన ఆమె మాత్రం కిటికీ అవతల లేదు.