అత్త చెవి, నా యాంప్లిఫయర్

మా అత్త కోలాటం నేర్పిస్తుంది. కల్లూరులో మేముండే కాలనీ ఆడవాళ్లందరినీ పోగేసి సాయంత్రాలు మా మిద్దె మీద అడుగులు వేయిస్తుంది. పాటకు ఒక చిన్న బ్లూటూత్ డబ్బా ఉండేది. అందరూ కోలలు కొట్టగానే దాని గొంతు వినపడేది కాదు. ఒకరోజు అది పూర్తిగా మూగబోయింది.

"ఇప్పి సూడు అమ్మీ. కంప్యూటర్ల కాడ పని చేస్తాండావు గదా," అంది అత్త.

నేను చేసేది పైపుల కంపెనీలో బిల్లింగు. దానికీ దీనికీ సంబంధం లేదన్నా వినలేదు. విప్పాను. డబ్బా బాగుపడలేదు కానీ, లోపల గోరంత నల్లటి ముక్క ఒకటి కనిపించింది. ఫోనులోంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచి స్పీకరును కదిలించేది అదేనని వీడియోల్లో చెప్పారు. అంత చిన్నది అంత పని ఎలా చేస్తుందో మాత్రం అర్థం కాలేదు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

చాలా వీడియోలు చూశాను, సగం బుర్రకెక్కలేదు. ఒక ఉదయం షేర్ ఆటోలో ఆఫీసుకు పోతూ కేసీ కాలువ దాటుతుంటే, తూము దగ్గర ఒకాయన చక్రం తిప్పుతూ కనిపించాడు. తిప్పే చేతికి పెద్ద బలమేమీ అక్కర్లేదు. తలుపు కింద నీళ్లు మాత్రం ఉరికి పోతున్నాయి. ఆ నీళ్లు ఆయన తెచ్చినవి కావు, ఆయన దారి ఇస్తున్నాడంతే. ఆ నల్ల ముక్కలో ఉండే ట్రాన్సిస్టరు చేసేదీ అదే! సన్నటి సంకేతం చక్రం తిప్పుతుంది, కరెంటు ఉరుకుతుంది. ఆటోలోనే గట్టిగా నవ్వేశాను. పక్కనామె కాస్త అవతలికి జరిగింది.

ఆ రోజే అనుకున్నాను, దొరికే రెడీమేడ్ బోర్డు కొనకుండా అత్త కోలాటానికి నా లెక్కతో నేనే యాంప్లిఫయర్ కట్టాలని. మా ఆయన ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, సెలవు రోజుల్లో వస్తాడు. ట్రాన్సిస్టర్ల వేడి లాగడానికి అల్యూమినియం కావాలని ఫోనులో చెబితే, పాత సామాన్ల కొట్టులో వెతికి రెక్కలు రెక్కలుగా ఉన్న పెద్ద దిమ్మ ఒకటి సంచిలో మోసుకొచ్చాడు.

"ఇది సాలుతాదా మ్మే?"

"శానా ఎక్కువైతాది," అన్నాను. ఇద్దరం దాన్ని కొత్త పాత్రలాగా తోమి ఎండలో పెట్టాం.

అన్నీ బిగించాక మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు నేరుగా ఇవ్వకూడదు. మధ్యలో పాత రకం బల్బు ఒకటి పెట్టి ఇవ్వాలి. లోపల ఏదైనా తప్పు జరిగితే ఆ భారం బల్బు మీద పడి అది వెలుగుతుంది, మన సామాను మిగులుతుంది. ఈ సంగతి అత్తకు చెప్పలేదు. స్విచ్ వేయగానే బల్బు ధగధగా వెలిగింది.

"అబ్బ, ఎంత బాగా వెలుగుతాండాదో!" అని అత్త చప్పట్లు కొట్టింది.

"అట్ల వెలగకూడదత్తా," అన్నాను నీరసంగా.

ఒక ట్రాన్సిస్టరు కింద, కరెంటు దిమ్మలోకి పోకుండా ఆపే అభ్రకం రేకు పెట్టడం మరిచిపోయాను. అది నేరుగా దిమ్మకు తగులుతోంది. పెట్టి మళ్లీ స్విచ్ వేస్తే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. నేను ఎగిరి గంతేశాను.

"దీపం ఆరిపోతే గంతులేస్తాండావేమ్మీ!" అని అత్త నోరు తెరిచింది.

పాట పెట్టాం. మోగింది! కానీ పాట ఆపినా స్పీకరులో గుయ్‌మని సన్నటి రొద. నాకు అది పెద్దగా తెలియలేదు. అత్త మాత్రం ఒప్పుకోలేదు. ఆమె ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టింది. వంటింట్లో ఉండి కూడా మగ్గం చప్పుడు మారితే పోగు తెగిందని చెప్పేదట. స్పీకరుకు చెవి ఆనించి కూర్చుంది. నేను లోపలి తీగలను ఒక్కొక్కటే జరపసాగాను.

"ఈడ అట్లే ఉండాది... ఇంగా జరుపు... ఆ, తగ్గింది! ఈడే ఉండనీ."

పాట వచ్చే తీగ ట్రాన్స్‌ఫార్మరు పక్కగా పోతోంది. దాన్ని దూరంగా తిప్పి బిగించాను. రొద పోయింది. "ఇప్పుడు ఇల్లు నిమ్మళంగా ఉండాది," అంది అత్త.

ఆదివారం సాయంత్రం మిద్దె మీద పెట్టాం. పాటలో మొదటి డోలు దెబ్బకు అందరూ ఉలిక్కిపడి, ఆ వెంటనే గొల్లున నవ్వారు. కోలలన్నీ ఒక్కసారి తగిలినా పాటలో ప్రతి మాటా వినిపిస్తోంది. చుట్టుపక్కల మిద్దెల మీదికి జనం వచ్చి చూస్తున్నారు. మా ఆయన మాటిమాటికీ దిమ్మను తాకి చూస్తూ, "గోరువెచ్చగా ఉండాది, అంతే!" అని అరుస్తున్నాడు.

అత్త నా చేతికి రెండు కోలలిచ్చి వలయంలోకి లాగింది. నాకు అడుగులు రావు. కుడివైపు తిరగమంటే ఎడమవైపు తిరిగి ఎదురొచ్చినామెను ఢీకొన్నాను. అయినా ఎవరూ ఆగలేదు, నేనూ ఆగలేదు.

ఇప్పుడు ఆ యాంప్లిఫయర్ నా చేతికి అందడం లేదు. కమలాపురంలో ఆడపడుచు ఇంట్లో శుభకార్యమైనా, పక్క వీధిలో భజన అయినా అత్త దాన్ని వెంట తీసుకుపోతుంది. వినడానికి నాకంటూ ఇంకొకటి మొదలుపెట్టాను. అత్త అప్పుడే అడుగుతోంది, "దీన్ని ఇంగా కొంచెం పెద్దది సేస్తావా అమ్మీ?" అని.