రెండు సీసాల వాననీళ్లు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను ప్రొద్దుటూరు హైస్కూల్లో సైన్సు అయ్యవారిని. మా వీధి చివర శెనిక్కాయల నూనె మిల్లు ఉండేది. ఆరేసిన పంచెల మీద దాని పొగ మసి రాలేది. ఆ మసిలోని జిడ్డు వాననీళ్లలోకి ఎంత దిగుతుందో తేల్చాలనే పిచ్చి నాకు పట్టుకుంది. తేల్చమని నన్నెవరూ అడగలేదు.

నా భార్యది పులివెందుల దగ్గర పల్లె. మా బావి నీళ్లు ఉప్పన, వాటితో పప్పు ఉడికేది కాదు. వాన వస్తుందంటే ఆమె పుట్టింటి అలవాటు ప్రకారం నాలుగు గుంజలకు ఉతికిన చీర కట్టి, నడుమ గుండ్రాయి వేసి, కింద బిందె పెట్టేది. వంటకూ తాగడానికీ ఆ నీళ్లే.

ఆ యేడు తొలివానకు పక్కనే నేనూ బడి నుంచి తెచ్చిన గాజు గరాటు, సీసా పెట్టాను. గాలిలోని మసి కడుక్కుపోయేదాకా గరాటు మీద మూత ఉంచి, తర్వాత తీశాను. ఏ పద్ధతి నయమో చూడాలంటే రెండు నీళ్లూ ఉండాలి కదా! వాన చిన్నది. ఆమె బిందె అడుగున చేరినవి కూడా ఇంకో సీసాలో పోసుకున్నాను. రెండింటికీ బిరడాలు బిగించి, లక్క పోసి, జిడ్డు పైకి తేలేదాకా పదిహేను రోజులు కదపకూడదని గూట్లో పెట్టాను.

"నా నీళ్లు గూడా ఎత్తుకుంటివే, ఇంగ పప్పు ఎట్ల ఉడుకుతాది?" అని ఆమె నవ్వింది.

మళ్లీ వాన పడలేదు. వారానికి ఆమెకు జ్వరం తగిలింది. జమ్మలమడుగు ఆసుపత్రిలో చూపించి, మందులతో ఇంటికి తెచ్చాం. తగ్గలేదు. వాళ్లమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. బావి నీళ్లు నోట్లో పోస్తే నా భార్య ఉమ్మేసేది. గూటి వైపు చూసి అడిగింది.

"ఏమయ్యా, ఆ వాననీళ్లు రోంత ఇయ్యరాదా? నోరంతా ఉప్పగా ఉండాది."

జ్వరంలో పచ్చినీళ్లు మంచివి కావన్నాను. కాచి ఇమ్మంది. ఇంక నాలుగు దినాలే కదా, ఓర్చుకో అన్నాను. గరాటు కింద పట్టిన నీళ్లు తేటగా ఉన్నట్టు కంటికి కనబడుతూనే ఉంది. అయినా లక్క పగలగొట్టడానికి నాకు చేయి రాలేదు. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో నాడు పొద్దున ఆమెకు ఎగశ్వాస మొదలైంది. నోట్లో నీళ్లు పోయండని ఎవరో అన్నారు. వాళ్లమ్మ లేచి, గూట్లో చేతికందిన సీసా తీసి, మూతిని గడపకు కొట్టి పగలగొట్టి, గుడ్డలో వడగట్టి ఒక గుక్కెడు పోసింది. నీళ్లు చెంప మీదుగా కారి దిండులోకి ఇంకిపోయాయి.

వాళ్లమ్మ నన్ను తిట్టలేదు. ఖాళీ చేయి కొంగుకు తుడుచుకుంటూ, "మింగేదానికి నా బిడ్డ యాడుంది అల్లుడా?" అని అడిగింది.