మ్యూజియంలో మా అత్తమ్మ చీర

మా ఆయన భద్రాచలంలో ఒక మ్యూజియంలో అటెండరు. క్రిస్మస్ సెలవులకు, ముక్కోటికి జనం వస్తారని వారం నుంచి అక్కడ దులపడం, కడగడం నడుస్తోంది. పాతకాలపు ఇంటి పనులు చూపించే నిలువెత్తు బొమ్మలకు కట్టిన చీరలు ఎలుకలు కొరికేశాయంటే, పోయినేడు చనిపోయిన మా అత్తమ్మ చీరలు నేనే మూట కట్టి ఇచ్చాను. పెట్టెలో ఊరికే ఉండే బదులు పనికొస్తాయి కదా అనుకున్నాను.

ఈ రోజు మధ్యాహ్నం ఆయనకు అన్నం తీసుకుని వెళ్లాను. లైట్లు మారుస్తున్నారేమో, పెద్ద గది చీకటిగా ఉంది. మట్టిపొయ్యి ముందు, తల మీద ఆకుపచ్చ కొంగుతో, అటు తిరిగి అత్తమ్మ కూర్చుని ఉంది.

"వస్తున్న అత్తమ్మా" అనేశాను.

నిచ్చెన మీదున్న స్వీపరు సారమ్మ నవ్వింది. "ఎవలతోని మాట్లాడుతున్నవ్ వదినా? అది బొమ్మ!"

నాకు నవ్వు రాలేదు. ఆయన దగ్గరకు వెళ్లి, "గా చీర విప్పియ్యి, ఇంటికి తీస్కపోత. గింతమంది ముందల ఆమెను కూసోబెడ్తమా?" అన్నాను.

ఆయన అన్నం గిన్నె పక్కన పెట్టారు. "ఉండనియ్యే. పొద్దుగాల తలుపు తీయంగనే అమ్మ పొయ్యికాడ ఉన్నట్టే ఉంటది."

ఇక అడగలేకపోయాను. బయటికి వస్తూ చూస్తే కొంగు చివర నడుం దగ్గర దోపి ఉంది, అచ్చం అత్తమ్మ దోపుకున్నట్టే. సారమ్మను అడిగాను.

"చీర నేనే కట్టిన గని, కొంగు దోపలే వదినా" అంది.

మీరైతే ఆ చీర తెచ్చేసుకునేవారా? చెప్పండి. సెలవుల్లో వచ్చేవాళ్లు మాత్రం ఆ పొయ్యి దగ్గర సెల్ఫీ దిగే ముందు ఒక మాట అడగండి. అత్తమ్మకు ఫొటోలంటే గిట్టదు.